ఆపదకు ముందే మనిషిని సిద్ధం చేయాలి: బోథ్ ప్రాంత సేవా సంఘాల సభ తీర్మానం

విషయం: మానవతా సేవా సంఘాల్లో సిబ్బంది ప్రణాళిక, కార్యకర్తల నైపుణ్యాభివృద్ధి.

పరిధి: ఆదిలాబాద్ జిల్లాలోని బోథ్, సొనాల, బజార్‌హత్నూర్, నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూర్ మండలాలు.

బోథ్ ప్రాంతంలో పనిచేస్తున్న స్వచ్ఛంద సేవా సంఘాలు, మహిళా సమాఖ్యలు, యువజన సంఘాల ప్రతినిధులతో కూడిన ఈ సభ తన ముందుంచిన ముసాయిదాను చర్చించి, ఈ కింది తీర్మానాన్ని ఆమోదిస్తున్నది.

మొదటి భాగం: పూర్వరంగం

1. ఈ ప్రాంతానికి ఆపదలు కొత్త కావు. ఏ నెలలో ఏది వస్తుందో ఇక్కడి వారికి ముందే తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో ఎండదెబ్బ, తాగునీటి ఎద్దడి. తొలకరి పడగానే వాంతులు, విరేచనాలు. ఆ వెనకే మలేరియా, డెంగీ జ్వరాలు. జులై, ఆగస్టుల్లో వాగులు పొంగి గూడేలకు దారులు తెగిపోతాయి. చేన్లలో పని ఊపందుకునే రోజుల్లో పాముకాట్లు పెరుగుతాయి. కడెం వాగు పుట్టేది ఈ గుట్టల్లోనే. ఇక్కడ కురిసిన వాన కింద నిర్మల్ జిల్లాలోని కడెం ప్రాజెక్టుకు చేరుతుంది. 2022 జులైలో ఆ ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. దాని 18 గేట్ల నుంచి వదలగలిగేది సుమారు 3 లక్షల క్యూసెక్కులే కావడంతో దిగువ గ్రామాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. 2023 జులైలో మళ్లీ గేట్ల మీదుగా నీరు పారింది.

2. అనుకోని ఆపదలూ ఉన్నాయి. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ నుంచి ఉత్తరాదికి నడిచిపోయిన వలస కూలీలకు 44వ నంబరు జాతీయ రహదారే దారి. నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూర్ మీదుగా సాగిన ఆ నడకలో వారికి అన్నం, నీళ్లు, చెప్పులు అందించింది రోడ్డు పక్క ఊళ్ల జనమే.

3. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం పదో బెటాలియన్ కేంద్రం విజయవాడ దగ్గర ఉంది. రాష్ట్ర రాజధాని ఇక్కడికి 250 కిలోమీటర్లకు పైగా దూరం. వాగు పొంగిన రాత్రి బయటి బృందం వచ్చేసరికి తెల్లారుతుంది, ఒక్కోసారి మరునాటి సాయంత్రం అవుతుంది. ఆ మధ్య గంటల్లో ప్రాణాలు నిలిపేది పక్కింటి మనిషి. ఆ మనిషికి ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలిసి ఉండాలి.

4. సేవారంగంలో నియామకాలు మాత్రం నిధుల వెంట నడుస్తున్నాయి. ప్రాజెక్టు మంజూరైతే పది మందిని తీసుకోవడం, గడువు ముగిస్తే పది మందినీ పంపించడం రివాజైంది. ఒక గూడెంలో నమ్మకం సంపాదించడానికి కార్యకర్తకు రెండు మూడేళ్లు పడుతుంది. చాలా ఒప్పందాలు ఆ గడువుకు ముందే ముగుస్తాయి. ఆ మనిషితోపాటు ఏ ఇంట్లో బాలింత ఉందో, ఏ బావి నీళ్లు తాగరానివో, ఏ వాగు ఎంత వానకు దారి మూసేస్తుందో అన్న ఎరుక కూడా వెళ్లిపోతుంది. తర్వాత వచ్చినవారు మళ్లీ మొదటి నుంచి సర్వే చేస్తారు.

రెండో భాగం: సభ పరిగణించిన అనుభవాలు

5. మార్లవాయి. మనిషిని ఊళ్లోనే తయారు చేయవచ్చన్న సంగతి ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాకు ఎనభై ఏళ్ల కిందటే తెలుసు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం బలైన తర్వాత నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌ను ఇక్కడికి పంపింది. ఆయన 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రాన్ని ప్రారంభించారు. పెద్ద చదువులవాళ్ల కోసం ఎదురుచూడకుండా, అక్షరాలు కొద్దిగా వచ్చిన గోండు యువకులనే చేరదీశారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. అక్కడ నేర్చుకున్నవారు గూడేల్లో బడులు నడిపారు. కాలక్రమంలో గోండి మాధ్యమం నిలవలేదు. ఈ అనుభవం నుంచి సభ రెండు పాఠాలు గ్రహిస్తున్నది. స్థానికుల్లో సామర్థ్యం ఉంది, దాన్ని వెలికితీసే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటును తరాల పాటు నిలిపే సంస్థాగత బాధ్యత లేకపోతే మంచి ఆరంభం కూడా ఆగిపోతుంది.

6. ముథోల్. ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని ముథోల్‌లో తన తొలి గ్రామీణ కంటి ఆసుపత్రిని ప్రారంభించింది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు నాయకత్వంలో ఆ సంస్థ రూపొందించుకున్న పద్ధతిలో ముందు జనాభా లెక్క, తర్వాత మనుషుల లెక్క ఉంటాయి. 5 వేల మందికి ఊళ్లోనే కంటి సంరక్షకుడు, 50 వేల మందికి ఒక దృష్టి కేంద్రం, 5 లక్షల మందికి ఒక శస్త్రచికిత్స ఆసుపత్రి, ఆపైన పెద్దాసుపత్రులు. దృష్టి కేంద్రాన్ని నడిపేది ఇంటర్ చదివి, ఏడాది శిక్షణ పొందిన స్థానిక యువతీ యువకులు. పట్నం నుంచి వచ్చి మూడు నెలల్లో వెళ్లిపోయే నిపుణుడి కంటే, పక్క ఊరి నుంచి వచ్చి పదేళ్లు ఉండే సాంకేతికుడి వల్ల ఎక్కువ మందికి చూపు దక్కుతుందన్నది ఆ పద్ధతిలోని నమ్మకం.

7. గడ్చిరోలి. మన రాష్ట్రానికి ఆనుకుని ఉన్న మహారాష్ట్ర జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ 1986లో సెర్చ్ సంస్థను స్థాపించారు. అక్కడి గ్రామీణ మహిళలు శిక్షణ పొంది, ఇళ్లకు వెళ్లి పసికందులను చూసుకున్నారు. జబ్బు లక్షణాలు గుర్తించి చికిత్స కూడా చేశారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. ఆ నమూనా నుంచే 2011లో దేశవ్యాప్తంగా ఆశ కార్యకర్తలకు ఇంటింటి శిశు సంరక్షణ బాధ్యత వచ్చింది.

8. ఆశ వ్యవస్థ. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో మొదలైన ఈ వ్యవస్థలో వెయ్యి జనాభాకు ఒకరు, గిరిజన ప్రాంతాల్లో ఆవాసానికి ఒకరు ఉండాలన్నది ప్రమాణం. తొలి శిక్షణను ఒకేసారి కాకుండా అయిదు విడతల్లో 23 రోజులుగా రూపొందించారు. నేర్చుకున్నది ఊళ్లో చేసి చూసి, సందేహాలతో తిరిగి రావడానికి ఆ పద్ధతి వీలిచ్చింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశ కార్యకర్తలను పురస్కారంతో గౌరవించింది. అయినా స్థిరమైన వేతనం, ఉద్యోగ భద్రత కోసం వారు రోడ్డెక్కుతూనే ఉన్నారు. మెప్పు జీతానికి బదులు కాదన్న సంగతిని ఈ సభ గమనిస్తున్నది.

9. అంతర్జాతీయ ప్రమాణాలు. 2014లో వెలువడి 2024లో సవరించిన మానవతా సేవల మౌలిక ప్రమాణం సిబ్బంది సామర్థ్యాన్ని, వారి పట్ల న్యాయమైన వ్యవహారాన్ని బాధితులకు ఇచ్చే హామీల్లో భాగంగానే చేర్చింది. 2016 ఇస్తాంబుల్ ప్రపంచ మానవతా సదస్సులో దాతలు, పెద్ద సంస్థలు కలిసి 2020 నాటికి నిధుల్లో 25 శాతం స్థానిక, జాతీయ సంస్థలకు చేరాలని మాటిచ్చారు. ఆ మాట నెరవేరలేదు. 2015 నాటి 'చార్టర్ ఫర్ చేంజ్' పత్రం మరో నిజాన్ని ఒప్పుకుంది. ఆపద వేళ పెద్ద సంస్థలు ఎక్కువ జీతమిచ్చి చిన్న సంఘాల అనుభవజ్ఞులను తీసుకుపోతాయి, ఆ నష్టానికి పరిహారం చెల్లించాలి అన్నది దాని సారాంశం.

మూడో భాగం: తీర్మానాలు

పై విషయాలను పరిగణించి ఈ సభ ఇలా తీర్మానిస్తున్నది:

10. పని లెక్క ముందు, మనుషుల లెక్క తర్వాత. ప్రతి సంఘం ఏటా జనవరిలో తన పరిధిలోని ఆవాసాల జాబితాతో పన్నెండు నెలల ఆపదల క్యాలెండర్ తయారు చేయాలి. ఏ నెలలో ఏ పని పడుతుంది, దానికి ఎవరు కావాలి, వారిలో ఇప్పటికే ఎవరున్నారు, ఎవరు లేరు అన్న నాలుగు గడులు అందులో ఉండాలి. ఖాళీగా మిగిలిన గడులే ఆ ఏటి నియామక, శిక్షణ ప్రణాళిక అవుతాయి. దాత ఏ శిక్షణకు డబ్బిస్తారన్నది ఆ తర్వాత చూడాల్సిన విషయం.

11. కనీస బలం. ప్రతి గూడెం, ప్రతి తండాకు ఇద్దరు కార్యకర్తలు, వారిలో ఒకరు తప్పనిసరిగా మహిళ. ఒకరు కూలికి పోయినా, ఊళ్లో లేకపోయినా రెండోవారు ఉండాలన్నది దీని ఉద్దేశం. పది ఆవాసాలకు ఒక బృంద నాయకుడు లేదా నాయకురాలు, మండలానికి ఒక సమన్వయకర్త. కొలాం, తోటి కుటుంబాలున్న చిన్న ఆవాసాలను జనాభా తక్కువన్న కారణంతో పక్క ఊరికి కలపరాదు.

12. భాషే అర్హత. గోండి, కొలామి, లంబాడి, మరాఠీల్లో ఆ ఆవాసానికి కావలసిన భాష ధారాళంగా మాట్లాడగలగడం క్షేత్రస్థాయి పోస్టులకు ప్రధాన అర్హతగా ఉండాలి. జ్వరమెప్పుడు మొదలైందో, ఒంట్లో ఎక్కడ నొప్పో తల్లి తన మాటలో చెప్పగలగాలి. పదో తరగతి సర్టిఫికెట్ లేదన్న కారణంతో గూడెం స్థాయి కార్యకర్తను తిరస్కరించరాదు. రాతపని అవసరమైన చోట బొమ్మల ఫారాలు, ఫోన్‌లో మాట రికార్డు చేసే పద్ధతి వాడాలి.

13. ఎంపిక ఊరి ఎదుటే. పేర్లు సూచించమని గ్రామ పటేల్‌ను, గోండుల సంప్రదాయ మండలి రాయి సెంటర్ పెద్ద అయిన సార్మెడీని, తండా నాయక్‌ను, మహిళా సంఘాన్ని కోరాలి. తుది ఎంపిక మాత్రం ఊరివారంతా కూర్చున్న చోట జరగాలి. సంఘం నిర్వాహకుల బంధువులను జీతమిచ్చే పోస్టుల్లో నియమించాల్సి వస్తే ఆ సంగతి మినిట్స్‌లో రాసి, ఆ నిర్వాహకుడు ఓటింగ్‌కు దూరంగా ఉండాలి.

14. శిక్షణ కాలం. ఇక్కడి కార్యకర్తల్లో చాలామంది రైతులు, రైతు కూలీలు. వానాకాలం కలుపు తీతకు, ఆ తర్వాత సోయా కోతకు, సంక్రాంతి దాటేదాకా పత్తి ఏరడానికి వారు చేన్లలో ఉంటారు. దీపావళికి దండారి పండుగ, పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర. మార్చి నుంచి ఇప్పపువ్వు, ఆ వెనక తునికాకు సేకరణ. కాబట్టి ప్రధాన శిక్షణను నాగోబా జాతర తర్వాత, ఇప్పపువ్వు రాలక ముందు విడతలుగా నిర్వహించాలి. తొలకరికి ముందు రెండు రోజుల పునశ్చరణ తప్పనిసరి. శిక్షణ మండల కేంద్రంలోని హాల్‌లో కంటే గూడెంలోనే జరగాలి. పసిపిల్లల తల్లులకు పిల్లలను చూసుకునే ఏర్పాటు ఉండాలి.

15. శిక్షణాంశాలు. అందరికీ కావలసినవి: ప్రథమ చికిత్స, ఓఆర్ఎస్ కలపడం, పట్టడం, ఎండదెబ్బ తగిలిన మనిషిని చల్లబరచడం, పొంగే వాగులోకి తాడు, తోడు లేకుండా దిగకపోవడం, పాము కరిచినప్పుడు గట్టిగా కట్టు కట్టకుండా, గాటు పెట్టకుండా, కరిచిన భాగాన్ని కదలనీయకుండా విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చడం, 108కు ఫోన్‌లో దారి గుర్తులు సరిగ్గా చెప్పడం. బృంద నాయకులకు అదనంగా: సహాయ శిబిరం నిర్వహణ, సరుకుల లెక్క, బాధితుల జాబితాలో ఎవరూ తప్పిపోకుండా చూడటం, ఫిర్యాదు వినడం, కలెక్టరేట్‌కు నివేదిక రాయడం. సమన్వయకర్తలకు: బడ్జెట్, చట్టపరమైన నిబంధనలు, మనుషులతో పని చేయించే నేర్పు. ఏ శిక్షణలోనైనా సగం సమయం చేసి చూడటానికే కేటాయించాలి.

16. ఎదుగుదల. కార్యకర్తగా చేరినవారు బృంద నాయకులుగా, ఆపైన సమన్వయకర్తలుగా, శిక్షకులుగా ఎదిగే మెట్లను ప్రతి సంఘం రాతపూర్వకంగా ప్రకటించాలి. పై పోస్టు ఖాళీ అయినప్పుడు మొదట కింది మెట్టు వారిని పరిశీలించి, వారిలో తగినవారు లేరని కారణాలతో నమోదు చేశాకే బయటి ప్రకటన ఇవ్వాలి. మూడేళ్లు పనిచేసిన ప్రతి ఒక్కరికీ చేసిన పని, నేర్చుకున్న విద్య స్పష్టంగా రాసిన అనుభవ పత్రం ఇవ్వాలి. ఆ పత్రంతో వారు వేరే సంస్థలోనో, ప్రభుత్వ ఉద్యోగంలోనో చేరితే దాన్ని నష్టంగా చూడరాదు. ఆ మనిషి ఈ ప్రాంతానికే పనికొస్తాడు.

17. కూలి, జీతం, బీమా. స్వచ్ఛంద కార్యకర్త శిక్షణకో, సహాయానికో వచ్చిన రోజు పోగొట్టుకున్న కూలిని అదే వారం చెల్లించాలి. కలుపు రోజుల్లో ఒక పూట పోయినా ఇంట్లో లెక్క తప్పుతుంది. పూర్తికాలం పనిచేసేవారిని వాలంటీర్ అన్న పేరుతో తక్కువకు పెట్టుకోరాదు. 10 మంది ఉంటే ఈఎస్ఐ, 20 మంది ఉంటే భవిష్యనిధి వంటి చట్టబద్ధ బాధ్యతలు సేవా సంఘాలకూ వర్తిస్తాయి. వరద, రాత్రి ప్రయాణం వంటి పనులకు పంపేవారికి ప్రమాద బీమా, వానకోటు, టార్చి, బూట్లు లేకుండా పంపరాదు.

18. గౌరవం, భద్రత. 10 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంఘంలో 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ ఉండాలి. అంతకు తక్కువ సిబ్బంది ఉన్న సంఘాలు జిల్లా స్థాయి స్థానిక కమిటీ వివరాలను కార్యాలయం గోడ మీద పెట్టాలి. పిల్లలతో పనిచేసేవారి పూర్వాపరాలు తెలుసుకోకుండా నియమించరాదు. పెద్ద విపత్తులో రెండు వారాలు వరసగా పనిచేసినవారికి జీతంతో సెలవు, మనసు విప్పి మాట్లాడుకునే అవకాశం ఇవ్వాలి.

19. ఉమ్మడి జాబితా. అన్ని సంఘాల కార్యకర్తల పేర్లు, ఊళ్లు, భాషలు, నైపుణ్యాలతో వారి సమ్మతి మేరకు ఒకే జాబితా రూపొందించి, ఏటా మే నెలలో సరిచూడాలి. ఒక మండలంలో ఆపద వస్తే పక్క మండలం నుంచి ఎవరు కదలాలో అందులోనే ఉండాలి. బయటి నుంచి వచ్చే పెద్ద సంస్థ ఇక్కడి సంఘం నుంచి అనుభవజ్ఞులను తీసుకోదలిస్తే నెల ముందు చెప్పాలి, ఆ మనిషి శిక్షణకైన ఖర్చును ఆ సంఘానికి ఇవ్వాలి. ఈ షరతును భాగస్వామ్య ఒప్పందాలన్నింటిలో చేర్చాలి. ఆపద వేళ ఆశలను, ఏఎన్ఎంలను, అంగన్‌వాడీ టీచర్లను వారి పని నుంచి లాగరాదు.

20. నిధులు. ప్రతి ప్రాజెక్టు ప్రతిపాదనలో శిక్షణ, పర్యవేక్షణలకు విడి పద్దు పెట్టాలి. మొత్తంలో పదో వంతుకు అది తగ్గరాదు. 2020 సవరణతో విదేశీ విరాళాల నుంచి పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది, ఆ సొమ్మును మరో సంఘానికి బదిలీ చేయడం నిషిద్ధమైంది. కాబట్టి కార్యక్రమంలో భాగమైన శిక్షణను కార్యక్రమ వ్యయంగానే ఆడిటర్ సలహాతో నమోదు చేయాలి. రెండు ప్రాజెక్టుల నడుమ అనుభవజ్ఞులు చెదిరిపోకుండా మూడు నెలల కనీస జీతానికి సరిపడే ఉమ్మడి నిధిని స్థానిక విరాళాలతో ఏర్పాటు చేయాలి. విదేశీ విరాళాల సొమ్ము ఇందులో కలపరాదు.

నాలుగో భాగం: విజ్ఞప్తులు

21. కేంద్రం చేపట్టిన ఆపద మిత్ర పథకంలో వాలంటీర్లకు 12 రోజుల శిక్షణ, అత్యవసర సామగ్రి, బీమా ఇచ్చారు. ఈ తరహా శిక్షణకు ఎంపికలు జరిగినప్పుడు వాగుల ఒడ్డు గూడేల యువతీ యువకులకు చోటివ్వాలని, శిక్షణను గోండి, లంబాడి తెలిసినవారితో ఇప్పించాలని జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ అధ్యక్షులైన కలెక్టర్‌ను ఈ సభ కోరుతున్నది.

22. కార్యకర్తల శిక్షణకు భవనాలు, ఆరోగ్య సిబ్బంది సహకారం అందించాలని ఉట్నూర్ సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)ను, ప్రథమ చికిత్స శిక్షకులను తయారు చేసి పంపాలని ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీ జిల్లా శాఖను, పాముకాటు, ఎండదెబ్బలపై ఏటా ఒక రోజు బోధించాలని ఆదిలాబాద్ రిమ్స్‌ను ఈ సభ కోరుతున్నది.

23. ఏడాది ప్రాజెక్టులకు బదులు కనీసం మూడేళ్ల ఒప్పందాలు చేసుకోవాలని, దుప్పట్లు, బియ్యం ఎన్ని పంచారని అడిగినట్టే ఎంతమందిని తీర్చిదిద్దారని కూడా అడగాలని దాతలను కోరుతున్నది.

అయిదో భాగం: అమలు

24. ఈ తీర్మానం అమలుకు మండలానికి ఇద్దరు చొప్పున, సగం మంది మహిళలతో ఒక కమిటీ ఏర్పడుతుంది. కొలాం లేదా తోటి సమాజం నుంచి ఒకరు తప్పక ఉంటారు. కమిటీ సభ్యులకు జీతం ఉండదు, ప్రయాణ ఖర్చులు మాత్రం ఉంటాయి.

25. సమీక్ష ఏటా రెండుసార్లు, తొలకరికి ముందు ఒకసారి, దీపావళి తర్వాత ఒకసారి. ఎన్ని శిక్షణలు జరిగాయన్న అంకెతో సమీక్ష ముగియదు. శిక్షణ పొందినవారిలో ఏడాది తర్వాత ఎందరు పనిలో ఉన్నారు, వెళ్లిపోయినవారు ఎందుకు వెళ్లారు, ఏ ఆవాసంలో ఇద్దరు కార్యకర్తలు లేరు, కింది మెట్టు నుంచి పైకి ఎందరు ఎదిగారు అన్న నాలుగు ప్రశ్నలకు ప్రతి సంఘం సభలో జవాబు చెప్పాలి. జవాబులను తెలుగులో అచ్చువేసి గ్రామపంచాయతీ నోటీసు బోర్డుల మీద పెట్టాలి, గూడేల్లో గోండిలో చదివి వినిపించాలి.

26. ఈ తీర్మానం ప్రతులను జిల్లా కలెక్టర్‌కు, ఉట్నూర్ ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి, జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి, రెడ్‌క్రాస్ జిల్లా శాఖకు, పరిధిలోని గ్రామపంచాయతీలన్నింటికీ, రాయి సెంటర్లకూ పంపవలసిందిగా సభ తన కార్యదర్శిని ఆదేశిస్తున్నది.

27. ప్రతి గూడెం, ప్రతి తండా తమలో నమ్మకస్తులైన ఇద్దరి పేర్లను, అందులో ఒక మహిళ పేరు ఉండేలా, వచ్చే తొలకరిలోగా మండల కమిటీకి అందజేయాలని ఈ ప్రాంత ప్రజలందరికీ సభ విజ్ఞప్తి చేస్తున్నది.